ఆలిస్ నీల్ ముడతలు ఎందుకు దాచలేదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అమెరికన్ చిత్రకారిణి ఆలిస్ నీల్ బొమ్మల్లో మనుషులు అందంగా ఉండరు, కొందరైతే చూడ్డానికే ఇబ్బందిగా ఉంటారు, మరి ఆవిడని గత శతాబ్దపు గొప్ప పోర్ట్రెయిట్ చిత్రకారుల్లో ఒకరని ఎందుకంటారు అన్నది మొదటిది. రెండోది చివర్లో మొహమాటంగా అడిగారు. ఎనభై రెండేళ్ళ మీ అమ్మమ్మ బొమ్మ ఆయిల్‌లో వేద్దామనుకుంటున్నారు, ముడతలు ఉన్నవి ఉన్నట్టు వేయాలా, కాస్త తగ్గించాలా అని. నాకు ఈ రెండూ ఒకటే ప్రశ్న. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది.

నేను విజయవాడలో ముప్ఫై నాలుగేళ్ళుగా పోర్ట్రెయిట్లు వేసుకుని బతుకుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా పోయినవాళ్ళ ఫొటో పట్టుకొస్తారు. రేషన్ కార్డు ఫొటోనో, ఎవరిదో పెళ్ళి ఆల్బమ్‌లో వెనక వరసలో కనబడే ముఖమో. దాన్ని చూసి గోడకి పెట్టుకునేంత బొమ్మ వేయాలి. ఫొటో చేతిలో పెడుతూ అందరూ అనే మాట ఒకటే: "కాస్త రంగు తేల్చండి మాస్టారూ." తర్వాత పుట్టుమచ్చ, ఎత్తుపళ్ళు, కళ్ళ కింద సంచులు, ఒక్కొక్కటే తీయమంటారు. వాళ్ళ ప్రేమ అలాంటిది. తప్పు పట్టను.

పని నేర్చిన కొత్తలో ఒకాయన వాళ్ళమ్మ ఫొటో తెచ్చాడు. ఆవిడ నలభై ఏళ్ళు నెత్తిన గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగి కూరగాయలు అమ్మిన మనిషి. ఫొటోలో మెడ ఎడమకి ఒరిగి ఉంది, ఒక భుజం కిందికి దిగి ఉంది. నాకు వచ్చిన విద్యంతా పెట్టి మెడ నిటారుగా నిలబెట్టాను. భుజాలు సమం చేశాను, చామనఛాయని గోధుమరంగు చేశాను, నేత చీర తీసేసి పట్టుచీర కట్టాను. కొడుకు ఎంతో మురిసిపోయాడు. పెద్దకర్మ రోజు ఆ బొమ్మకే దండ వేశారు. నన్నూ భోజనానికి పిలిచారు. ఊరి నుంచి వచ్చిన కూతురు బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. ఎవరి మీదా కోపం లేకుండా, తనలో తను అనుకున్నట్టు అంది: "బాగుంది గానీ, అమ్మ మెడ ఇలా ఉండదు కదా." విస్తట్లో ముద్ద నాకు గొంతు దిగలేదు. గంప నలభై ఏళ్ళపాటు చేసిన పనిని నేను రెండు రోజుల్లో చెరిపేశాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒక మిత్రుడింట్లో ఆలిస్ నీల్ బొమ్మల పుస్తకం చేతికొచ్చింది. మొదటిసారి తిరగేసినప్పుడు మీకు అనిపించినట్టే నాకూ అనిపించింది. తలలు ఒంటికి మించి పెద్దవి, వేళ్ళు వంకరగా సాగినట్టు, చర్మం మీద ఆకుపచ్చలు, ఊదాలు, ఒంటి చుట్టూ నీలం గీత. పుస్తకం మూసేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం అందులో చూసిన ముఖాలే వరసగా గుర్తొచ్చాయి, ఒక్కొక్కరూ విడివిడిగా, బస్సులో ఎదురుగా కూర్చుని వెళ్ళిన మనుషుల్లా. అందమైన పోర్ట్రెయిట్లు వందల కొద్దీ చూశాను, వాటిల్లో ఒక్కరూ అలా గుర్తుకు రాలేదు.

ఆవిడ జీవితం కొంత తెలిస్తే ఆ చూపు ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆలిస్ నీల్ 1900 జనవరి 28న పెన్సిల్వేనియాలో పుట్టింది. కోల్విన్ అనే చిన్న ఊళ్ళో పెరిగింది. 1921 నుంచి 1925 దాకా ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళ కోసం నడిచే డిజైన్ స్కూల్లో చదువుకుంది. ఆ రోజుల్లో ఇంప్రెషనిస్టులనే ఫ్రెంచి చిత్రకారుల ఎండవెలుగులంటే చాలామందికి మోజు. జీవితం తనకు పచ్చికలో పిక్నిక్‌లా కనబడలేదనీ, వాళ్ళలో ఒకడైన రెన్వార్‌కి ఉన్నంత సంతోషం తనకు లేదనీ తర్వాతెప్పుడో చెప్పుకుంది. 1925లో క్యూబా చిత్రకారుడు కార్లోస్ ఎన్రీకెజ్‌ని పెళ్ళాడి మరుసటేడు హవానా వెళ్ళింది. ఆ ఏడాది చివర పుట్టిన పెద్ద కూతురు శాంతిల్లానా ఏడాది నిండకుండానే న్యూయార్క్‌లో డిఫ్తీరియాతో పోయింది. 1928లో రెండో కూతురు ఇసబెత్తా పుట్టింది. 1930లో భర్త ఆ పిల్లని తీసుకుని క్యూబా వెళ్ళిపోయాడు. ఆలిస్ కుప్పకూలిపోయింది. ఆత్మహత్యకి ప్రయత్నించింది, నెలల తరబడి ఆస్పత్రుల్లో గడిపింది. ఇసబెత్తా తల్లికి దూరంగా హవానాలోనే పెరిగింది.

అక్కడితో ఆగలేదు. 1934 చలికాలంలో, అప్పట్లో కలిసి ఉంటున్న కెన్నెత్ డూలిటిల్ అనే నావికుడు ఆవిడ బొమ్మల్ని కత్తితో చీరి తగలబెట్టాడు. పదుల కొద్దీ ఆయిల్ పెయింటింగులు, వందల కొద్దీ డ్రాయింగులూ నీటిరంగుల బొమ్మలూ పోయాయి. బొమ్మలు వేసేవాళ్ళకి ఈ లెక్క ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. మాంద్యం రోజుల్లో అమెరికా ప్రభుత్వం కళాకారులకి వారం వారం జీతమిచ్చి బొమ్మలు వేయించిన పథకాల్లో చేరి 1943 దాకా బతికింది. ఆ పథకం మూసేశాక అలా వేయించిన బొమ్మల్ని పాత కాన్వాసు కింద తూకానికి అమ్మేశారు. తన బొమ్మల్లో కొన్నిటిని ఆవిడే తిరిగి కొనుక్కుంది.

ఇంత చెప్పింది జాలి పడమని కాదు. ఇన్ని దెబ్బలు తిన్న మనిషికి ఎదుటివాళ్ళ ఒంటి మీద దెబ్బలు కనబడతాయి. చాలామంది అవి కనబడితే చూపు తిప్పుకుంటారు. ఈవిడ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

1938లో ఆవిడ న్యూయార్క్‌లో కళాకారులుండే పేట గ్రీన్‌విచ్ విలేజ్ వదిలి స్పానిష్ హార్లెమ్‌కి మకాం మార్చింది. పోర్టోరికో నుంచి వచ్చిన కూలిజనం, నల్లవాళ్ళు ఇరుకు గదుల్లో ఉండే చోటు అది. ఇరవై ఏళ్ళకి పైగా అక్కడే ఉంది. ఇద్దరు కొడుకుల్ని అక్కడే పెంచింది. ఇరుగుపొరుగువాళ్ళనీ, వాళ్ళ పిల్లల్నీ కూర్చోబెట్టి వేసింది. మీరు ఒకే ఒక్క బొమ్మ చూసి ఆవిడ మీద అభిప్రాయానికి రావాలంటే 1940లో వేసిన "టి.బి. హార్లెమ్" చూడండి. మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్న కుర్రాడు కార్లోస్ నెగ్రోన్. వయసు ఇరవై నాలుగు. క్షయకి అప్పటికింకా స్ట్రెప్టోమైసిన్ అనే మందు రాలేదు. ఛాతీలో పక్కటెముకలు తీసేసి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని కుంగిపోనిచ్చి, దానికి విశ్రాంతినివ్వడం ఒక వైద్యం. ఆ కుర్రాడికి అదే చేశారు. అందుకే ఒళ్ళు ఒక పక్కకి లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. ఛాతీ మీద తెల్లటి కట్టు, దాని దగ్గరగా వచ్చి ఆగిన చెయ్యి. మెడ సన్నగా సాగి ఉంటుంది, కళ్ళు పెద్దవి, మనకేసే చూస్తుంటాయి. ఆ చెయ్యి పెట్టిన తీరు, తల వాల్చిన తీరు చర్చిల్లో ఉండే క్రీస్తు బొమ్మల్ని గుర్తు చేస్తాయి. ఆ పోలికని ఆవిడ ఎక్కడా నొక్కి చెప్పదు. అందులో ఏడుపు లేదు, బ్రతిమాలడం లేదు. తనకి ఏం జరిగిందో ఆ కుర్రాడికి తెలుసు, అంతే. నాకు తెలిసిన అత్యంత అందమైన ముఖాల్లో అదొకటి. దాన్ని అందం అనడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మనకి అందానికి మాటలు రెడీగా ఉన్నాయి. కోటేరు ముక్కు, చారడేసి కళ్ళు, పాలుగారే బుగ్గలు. పిల్ల బాగుంటే బాపు బొమ్మలా ఉందంటాం. బాపు గారి గీత అంటే నాకు ప్రాణం, చిన్నప్పుడు ఆ గీతలు దిద్దుకునే చెయ్యి తిప్పడం నేర్చుకున్నాను. అయితే ఆయన గీసింది తెలుగు అందం ఎలా ఉంటుందో అన్న ఊహని. ఆ పిల్ల ఫలానా ఇంటి పిల్ల కాదు. ఊహకి వంక ఉండకపోవడం న్యాయమే. ఆ కొలతని తీసుకొచ్చి బతికున్న మనిషి మీద పెట్టినప్పుడే చిక్కంతా. పోర్ట్రెయిట్ అంటే ఫలానా మనిషి. ఆ మనిషిని మిగతా అందరి నుంచీ వేరు చేసేవే వంకలు. అవన్నీ తీసేస్తూ పోతే చివరికి ఎవరూ కాని ముఖం మిగులుతుంది. కూరగాయలమ్మ విషయంలో నేను చేసింది అదే.

ఇక ఆలిస్ నీల్ పనితనం. విద్యార్థి కాబట్టి ఇది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆవిడకి వేరే స్టూడియో లేదు, ఇంట్లోనే వేసేది. 1962లో మారిన వెస్ట్ 107వ వీధి అపార్ట్‌మెంట్లో, వీధి వైపు కిటికీల వెలుగులో, మనుషుల్ని కూర్చోబెట్టేది. ఆ ఇంటి కుర్చీలు ఒక బొమ్మ తర్వాత ఇంకో బొమ్మలో కనిపిస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్ళని ఇలా కూర్చో, అలా తిరుగు అని సర్దేది కాదు. కబుర్లలో పెట్టేది. మాటల్లో పడ్డాక మనిషి తనకు తెలీకుండానే తనదైన భంగిమలోకి జారుకుంటాడు. లోకం ఆ మనిషిని ఏం చేసిందో, దానికి ఆ మనిషి లోకానికి ఏం బదులిచ్చాడో ఆ కూర్చోవడంలోనే ఉంటుందని ఆవిడ చెప్పేది. తనని తాను ఆత్మల్ని పోగుచేసే మనిషినని చెప్పుకుంది. పోర్ట్రెయిట్ అనే మాట ఆవిడకి పెద్దగా నచ్చదు. మనుషుల బొమ్మలు అనేది.

మనం మామూలుగా బొగ్గుతోనో పెన్సిల్‌తోనో ముందు గీసుకుని, కొలతలు చూసుకుని, పోలిక పడిందని నమ్మకం కుదిరాకే రంగు ముడతాం. ఆవిడ కుంచెతో పల్చటి నీలం రంగు తీసుకుని నేరుగా కాన్వాసు మీద గీసేది. ముఖ్యంగా తర్వాతి రోజుల్లో ఆ గీతని కప్పేసేది కూడా కాదు. బొమ్మ పూర్తయ్యాక కూడా చెవి చుట్టూ, ముంజేతి పక్కన ఆ నీలం అలాగే ఉంటుంది. మొదట అది నాకు నిర్లక్ష్యం అనిపించింది. వేసి చూశాక తెలిసింది. నల్లగీత మనిషిని అట్టముక్కలా కత్తిరిస్తుంది. నీలం గీత చర్మం పక్కన ఉంటే చర్మంలోని ఎరుపు, పసుపు నిద్రలేస్తాయి, ఒంట్లో నెత్తురు తిరుగుతున్నట్టు ఉంటుంది. మనం ముఖానికి ఎంత శ్రమ పడతామో కుర్చీకీ, చీర అంచుకీ, వెనక కర్టెనుకీ అంతే శ్రమ పడతాం, కొన్నవాళ్ళకి గిట్టుబాటు కావాలి కదా. ఆవిడ ముఖం మీద, చేతుల మీద గంటలు గంటలు గడిపి కుర్చీని రెండు గీతలతో వదిలేసేది. ఎక్కడ చూడాలో చూసే కంటికి చెప్పడమే అది.

1965లో జేమ్స్ హంటర్ అనే నల్లజాతి యువకుణ్ణి వేయడం మొదలుపెట్టింది. అతన్ని వియత్నాం యుద్ధానికి సైన్యంలోకి తీసుకున్నారు. మొదటిరోజు తల, ఒక చెయ్యి పూర్తయ్యాయి, మిగతా ఒళ్ళంతా ఉత్త గీతలు. రెండోసారి అతను రాలేదు. ఆవిడ ఆ బొమ్మని అలాగే ఉంచి, ఇది పూర్తయిందని సంతకం పెట్టింది. చెంపకి చెయ్యి ఆనించి కిందికి చూస్తున్న ఆ ముఖం, దాని కింద ఖాళీ కాన్వాసు. ఆ ఖాళీని నింపగల రంగు ఏదీ లేదని ఆవిడకి అర్థమైంది.

అదే ఏడాది బ్రష్షులు అమ్ముకుంటూ తలుపు తట్టిన సేల్స్‌మన్‌ని కూడా కూర్చోబెట్టి వేసింది. అతను నాజీల డాకౌ క్యాంపు నుంచి ప్రాణాలతో బయటపడ్డ యూదుడు. ఇంటింటికీ తిరిగే మనిషికి ఉండే ఆ నవ్వు, ఆ టై, ఒళ్ళో సరుకు. ఆ నవ్వు వెనక ఏముందో మీరే చూడండి.

ఇప్పుడు గర్భిణుల బొమ్మల దగ్గరికి. 1964 నుంచి 1978 దాకా ఆవిడ నిండు నెలల ఆడవాళ్ళని బట్టల్లేకుండా కొన్ని బొమ్మలు వేసింది. పాశ్చాత్య చిత్రకళలో తల్లీబిడ్డల బొమ్మలు వేలల్లో ఉన్నాయి, నగ్నచిత్రాలూ వేలల్లో ఉన్నాయి. కడుపుతో ఉన్న ఆడదాని ఒళ్ళు మాత్రం దాదాపు లేదు. మన ఇళ్ళల్లో సీమంతం ఫొటోలు గుర్తు తెచ్చుకోండి. గాజులు, పూలజడ, పట్టుచీర, కెమెరాకి నవ్వు. ఆ తొమ్మిది నెలల ఆయాసం, వాచిన పాదాలు ఫొటోలోకి రావు. అది జీవితంలో ఇంత పెద్ద సంగతి, చిత్రకారులు దాన్ని పట్టించుకోకుండా వదిలేశారు అన్నది ఆలిస్ నీల్ వాదన. 1971 బొమ్మలో పడుకుని ఉన్నది ఆవిడ కోడలు నాన్సీ, వెనక గోడ మీద కొడుకు రిచర్డ్ ముఖం.

వీటిల్లో "మార్గరెట్ ఎవాన్స్ ప్రెగ్నెంట్" అనే 1978 బొమ్మని నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. కరోనా వల్ల నేనూ మా ఆవిడా అక్కడే ఉండిపోయిన రోజుల్లో, 2021లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆలిస్ నీల్ బొమ్మల పెద్ద ప్రదర్శన పెట్టారు. మాస్కులు కట్టుకుని వెళ్ళాం. మార్గరెట్ చిన్న కుర్చీ అంచున నిటారుగా కూర్చుని ఉంటుంది, కడుపులో కవలలు. కడుపు ఒళ్ళోకి వచ్చేసింది, బరువు తట్టుకోవడానికి రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు చూడాలి. చేతులు అలా బిగిసి ఉంటే ముఖం మాత్రం మర్యాదగా, పిలిస్తే పలుకుతాను అన్నట్టు ఉంటుంది. వెనక అద్దంలో ప్రతిబింబం ఉంది, అది మార్గరెట్‌లా ఉండదు, ఇంకా వయసు మళ్ళిన మనిషిలా ఉంటుంది. ఆలిసే తొంగి చూస్తోందని కొందరంటారు. మా ఆవిడ బొమ్మలు పెద్దగా చూడదు. ఆ బొమ్మ ముందు ఆగిపోయి, "పెద్దదాని అప్పుడు చివరి నెలలో నేను ఇలాగే మంచం పట్టె పట్టుకుని కూర్చునేదాన్ని, మీరెప్పుడూ చూళ్ళేదు" అంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ముఖాలు చూడటమే పనిగా ఉన్నవాణ్ణి. మా ఇంట్లో ఆ చేతుల్ని నేను చూడలేదు.

మీరు ఇంకో మాట రాశారు, ఆవిడ కూర్చున్నవాళ్ళని అవమానించిందేమో అని. న్యాయమైన అనుమానమే. 1933లో జో గూల్డ్ అనే గ్రీన్‌విచ్ విలేజ్ మనిషిని వేసిన నగ్నచిత్రంలో ఎగతాళి ఉంది. అది పోర్ట్రెయిట్ అనడం కంటే వ్యంగ్యచిత్రం అనడమే సబబు. మొదట్లో వేసిన మరికొన్నిటిలో కూడా కోపం ఎక్కువ, మనిషి తక్కువ. అందులో నేను ఆవిడని వెనకేసుకు రాను. కానీ 1970లో వేసిన ఆండీ వార్హోల్ బొమ్మ చూడండి. అప్పటికి వార్హోల్ ప్రపంచ ప్రసిద్ధుడైన చిత్రకారుడు, ఎప్పుడూ విగ్గూ నల్లకళ్ళద్దాల వెనక ఉండే మనిషి. 1968 జూన్‌లో వలెరీ సొలానస్ అనే ఆవిడ అతన్ని కాల్చింది, చావు తప్పింది. ఆలిస్ ముందు అతను చొక్కా విప్పి కూర్చున్నాడు. ఛాతీ నుంచి పొట్ట దాకా కోతల మచ్చలు, పొట్టని పట్టి ఉంచే సర్జికల్ బెల్టు, వేలాడే ఛాతీ. కళ్ళు మూసుకున్నాడు, చేతులు ఒళ్ళో కట్టుకున్నాడు. కూర్చున్న సోఫా ఉత్త గీతే. అందరి ముఖాల్నీ పోస్టర్లు చేసిన మనిషి ఈవిడ దగ్గర తన ఒంటిని ఒప్పగించాడు. అవమానం చేసేవాళ్ళ ముందు ఎవరూ కళ్ళు మూసుకుని కూర్చోరు.

అంతకన్నా గట్టి సాక్ష్యం ఆవిడ స్వీయచిత్రం. 1975లో మొదలుపెట్టి 1980లో, ఎనభయ్యో ఏట ముగించింది. వాషింగ్టన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. నీలం చారల కుర్చీలో, బట్టలేమీ లేకుండా, ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో తుడుచుకునే గుడ్డ. తెల్లజుట్టు, కళ్ళద్దాలు, జారిన రొమ్ములు, పొట్ట మడతలు. ఒక కాలి బొటనవేలు పైకి లేచి ఉంటుంది, ఆలోచనలో పడ్డ మనిషి వేలు లేచినట్టు. బుగ్గలు ఎర్రగా ఉంటాయి. ఆ బొమ్మ వేయడం ఎంత కష్టమైందంటే, ఆ శ్రమకే బుగ్గలు అలా కందిపోయాయని ఆవిడ చెప్పింది. ఎదుటివాళ్ళ ఒంటికి పట్టిన దీపాన్నే తన ఒంటికీ పట్టుకుంది, వత్తి తగ్గించలేదు. నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

పేరు రావడం చాలా ఆలస్యమైంది. నలభైలు, యాభైలంతా న్యూయార్క్‌లో మనుషులూ వస్తువులూ కనబడని అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలదే రాజ్యం. ముఖాలు వేసేవాళ్ళని పాతకాలం వాళ్ళ కింద జమకట్టారు. కమ్యూనిస్టులతో స్నేహం ఉందని ఎఫ్‌బీఐ వాళ్ళు ఇంటికొచ్చారు. ఆవిడ వాళ్ళని కూడా బొమ్మకి కూర్చోమని అడిగిందట, వాళ్ళు ఒప్పుకోలేదట. స్త్రీవాద ఉద్యమం వచ్చాక ఆ చూపు విలువ జనానికి తెలిసింది. 1970 ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్రం, స్త్రీవాద రచయిత్రి కేట్ మిల్లెట్‌ది ఆవిడే వేసింది. అయితే మిల్లెట్ కూర్చోనంది కాబట్టి ఫొటో చూసి వేసింది. పేరు తెచ్చిన బొమ్మే అయినా నా లెక్కలో ఆవిడ బలహీనమైన వాటిల్లో అదొకటి. ముఖం గంభీరంగా ఉంది, మనిషి గదిలో లేదు. ఫొటోలు చూసి వేసి బతికేవాణ్ణి, ఆ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1974లో విట్నీ మ్యూజియం ఆవిడ అన్నేళ్ళ బొమ్మల్లోంచి ఏరి ప్రదర్శన పెట్టేనాటికి వయసు డెబ్భై నాలుగు. 1984 అక్టోబరు 13న పోయింది.

ఇప్పుడు మీ అమ్మమ్మ గారి సంగతి.

ముడతలు ఉంచాలా తీయాలా అని మొదలుపెడితే బొమ్మ ఎలాగూ తప్పుతుంది. ముడతల్ని గీతల్లా వేయకండి. ముడత గీత కాదు, రెండు వాలుల మధ్య పల్లం. వెలుగు ఒక వాలు మీద పడుతుంది, రెండోదాని మీద పడదు. గీతలు గీస్తే ముఖం పగిలిన గోడలా అవుతుంది, అమ్మమ్మగారికి కోపం రావడం న్యాయం కూడా. ఆవిడ మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు ఏ మడతలు కదులుతున్నాయో చూడండి. వాటిని వేయండి. కదలనివి అన్నీ వేయకపోయినా పోలిక ఎక్కడికీ పోదు.

ఫోన్ ఫొటో చూసి వేయకండి. దగ్గర్నుంచి తీసిన ఫోన్ ఫొటోలో ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి, మనిషి మారిపోతుంది. ఎదురుగా కూర్చోబెట్టండి. పట్టుచీర కట్టించి హాల్లో సోఫాలో కాదు, రోజూ ఎక్కడ కూర్చుంటారో అక్కడే. మధ్యాహ్నం పూట వత్తులు చేసుకుంటారని రాశారు. అంతకంటే మంచి భంగిమ మీరు వెతికి పట్టుకోలేరు. పత్తి విడదీయడం, అరచేతిలో వేసి నలపడం, వేలికి విబూది అద్దుకుని కొస తిప్పడం. ఆ వేళ్ళు ఎన్ని వేల వత్తులు చేసి ఉంటాయో! మొదటి రోజు కుంచె ముట్టకుండా పక్కన కూర్చుని మాట్లాడండి. మెడ ఎటు వంచుతారో, ఎప్పుడు చేతులు ఆపి కిటికీ బయటికి చూస్తారో గమనించండి.

రెండో రోజు పెన్సిల్ పక్కన పెట్టి, అల్ట్రామెరైన్ బ్లూని టర్పెంటైన్‌తో పల్చగా చేసుకుని సన్న కుంచెతో గీయండి. గీత తప్పితే గుడ్డతో తుడిచి మళ్ళీ గీయండి, ఎండేదాకా టైముంటుంది. చామనఛాయ అన్నారు కాబట్టి చర్మానికి ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా తీసుకోండి, నీడల్లో కొద్దిగా ఆకుపచ్చ కలపండి. తెలుపు చాలా తక్కువ వాడండి. రంగు తేలుద్దామని తెలుపు కలుపుతూ పోతే ముఖం బూడిద పూసినట్టు అవుతుంది, ఆ తర్వాత ఏం చేసినా వెనక్కి రాదు. వెలుగు పడ్డ చోట తెలుపు బదులు పసుపు, కాస్త ఎరుపు కలిపి చూడండి.

సగం బొమ్మ చూసి, "ఇంత ముసలిదాన్నయిపోయానా" అని ఆవిడ అనొచ్చు. కంగారుపడి ముఖం దిద్దేయకండి. ఏ వయసులో ఉన్నట్టు వేయమంటావని అడిగి, చెప్పేది వినండి. పాత రోజుల కబుర్లలో పడ్డప్పుడు ముఖంలో ఏదో వెలుగుతుంది, ఆ క్షణం కోసం కుంచె తడిగా ఉంచుకోండి.

ఇంకొక్కటి. ముఖంతో మొదలుపెట్టకండి, భయంతో చెయ్యి బిగుసుకుపోతుంది. ముందు చేతులు వేయండి, ఒళ్ళో పత్తి వేయండి. అప్పటికి చెయ్యి తిరుగుతుంది, అమ్మమ్మగారికీ మీరు ఎదురుగా ఉన్న సంగతి మరుపుకొస్తుంది. అప్పుడు తలెత్తి ముఖం చూడండి.